ఎనిమిదేళ్ల జావా అనుభవం ఉన్నవారు ఏఐ ఇంజినీరింగ్‌లోకి మారాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా సంగ్రహంగా చెబుతాను. మీరు హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లుగా జావా, దానితో వాడే స్ప్రింగ్ బూట్ ఫ్రేమ్‌వర్క్ మీద బ్యాకెండ్ (తెర వెనుక సర్వర్ వైపు) పని చేస్తున్నారు. ఇంటి అప్పు వాయిదాలు నడుస్తున్నాయి. మీతో పనిచేసిన ఇద్దరు ఇప్పటికే ఏఐ వైపు వెళ్లారు, కోడ్ రాయడం రేపు యంత్రాల పని అవుతుందన్న మాట రోజూ మీ చెవిన పడుతోంది. ఉద్యోగం మానేసి, మూడు లక్షలకు పైగా కట్టి పదకొండు నెలల కోర్సులో చేరాలా, ఉన్నచోటనే ఉండాలా, ఇంటర్ తర్వాత పక్కన పెట్టేసిన లెక్కలు ఇప్పుడు ఒంటబడతాయా అని అడిగారు.

నా సమాధానం: మారవచ్చు. అయితే ఉద్యోగం మానవద్దు, ఆ కోర్సుకు డబ్బు కట్టవద్దు. మీరు ప్రస్తుతం ఉన్న కంపెనీలోనే, మీకు బాగా తెలిసిన ఒక సమస్యను తీసుకుని మూడు నాలుగు నెలల పాటు ఆ పని చేసి చూడండి. అది చేస్తున్నప్పుడు తప్పు జవాబులను వందల కొద్దీ కూర్చుని చదవడం, ఒక్కొక్కటీ ఎందుకు తప్పిందో తేల్చడం మీకు ఆసక్తిగా అనిపిస్తే ఈ రంగం మీకు సరిపడుతుంది. అది విసుగు పుట్టిస్తే, ఎంత జీతం వచ్చినా సంవత్సరం తిరిగేసరికి మీరు అలసిపోతారు. నా దృష్టిలో ఈ నిర్ణయాన్ని తేల్చేది ప్రధానంగా ఈ ఒక్క విషయమే కాబట్టి మిగతా సమాధానమంతా దాని చుట్టూనే ఉంటుంది.

నేను కూడా జావాతోనే మొదలుపెట్టి, సెర్చ్ వ్యవస్థల మీదుగా ఈ పనిలోకి వచ్చాను. ప్రస్తుతం వ్యవసాయ రుణాల దరఖాస్తులతో వచ్చే పత్రాలను చదివి సరిచూసే వ్యవస్థను నిర్మిస్తున్న బృందాన్ని నడుపుతున్నాను. ఆ బృందంలోకి మనుషులను ఎంపిక చేసే బాధ్యత కూడా నాదే కనుక, రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందుగా ఒక గందరగోళం తొలగించుకోవాలి. ఏఐ ఉద్యోగం అన్న మాట కింద కనీసం మూడు వేర్వేరు పనులు ఉన్నాయి. మొదటిది పరిశోధన. 2017లో గూగుల్ పరిశోధకులు, నేటి భాషా మోడళ్లకు పునాది అయిన ట్రాన్స్‌ఫార్మర్ నిర్మాణాన్ని ప్రతిపాదించడం లాంటిది ఆ కోవలోకి వస్తుంది; దానికి చాలావరకు పీహెచ్‌డీ స్థాయి చదువు కావాలి. రెండోది మెషిన్ లెర్నింగ్ ఇంజినీరు పని, అంటే కంపెనీ సొంత డేటా మీద మోడళ్లకు శిక్షణ ఇచ్చి, ఎవరు అప్పు తీర్చగలరు, ఎవరికి ఏ వస్తువు చూపించాలి అన్నవాటిని అంచనా వేయించడం. మూడోది ఇప్పుడు ఏఐ ఇంజినీరింగ్ అని పిలుస్తున్నది: ఇతరులు శిక్షణ ఇచ్చి సిద్ధం చేసిన పెద్ద భాషా మోడళ్లను తీసుకుని, వాటి చుట్టూ నమ్మదగిన ఉత్పత్తిని కట్టడం. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ బయటకు వచ్చాక ఈ మూడో పని ఒక్కసారిగా పెరిగింది. అంతకు ముందు ఫిర్యాదు ఉత్తరాలను విభాగాలవారీగా విడదీయాలన్నా వేల కొద్దీ ఉదాహరణలకు చేత్తో గుర్తులు పెట్టి మోడల్‌కు శిక్షణ ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ పని ఒక ఏపీఐ పిలుపుతో, అంటే సిద్ధంగా ఉన్న మోడల్‌కు మన కోడ్ నుంచి పంపే ఒక అభ్యర్థనతో మొదలుపెట్టవచ్చు. సాఫ్ట్‌వేర్ డెవలపర్లకు తలుపు తెరుచుకున్నది ఈ మూడో దారిలోనే. మీరు చెప్పిన తరహా కోర్సుల్లో చాలావాటి చిక్కు ఏమిటంటే, అవి ప్రకటనల్లో చూపించేది మూడో పనికి వచ్చే జీతం, లోపల బోధించేది రెండో పనికి సంబంధించిన సిలబస్.

ఇక ఈ మూడో పని లోపల ఎలా ఉంటుందో మా బృందంలో ఎదురైన ఒక విషయం ద్వారా చెబుతాను.

రుణ దరఖాస్తుతో పాటు పట్టాదారు పాసుపుస్తకం, పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు) నకలు వస్తాయి. వాటిలో సర్వే నంబర్ల వారీగా విస్తీర్ణం ఉంటుంది. మొత్తం ఎంత భూమి ఉందో లెక్కగట్టి, దరఖాస్తులో రైతు రాసినదానితో సరిచూడాలి. చూడటానికి చాలా తేలికైన పని. మోడల్ పత్రాన్ని చక్కగా చదివింది, అంకెలను పొల్లుపోకుండా ఎత్తి రాసింది, కూడిక కూడా చేసింది. ఒక రైతుకు రెండు సర్వే నంబర్లలో 1.30, 0.20 అని ఉంటే మొత్తం 1.50 అని చెప్పింది. అది ఆంధ్రప్రదేశ్ పత్రమై ఉంటే సరైన జవాబే, ఎందుకంటే అక్కడ చుక్క తర్వాత ఉండేవి సెంట్లు, వంద సెంట్లు ఒక ఎకరం. కానీ ఆ పత్రం తెలంగాణది. ఇక్కడ చుక్క తర్వాత ఉండేవి గుంటలు, నలభై గుంటలు ఒక ఎకరం. ఎకరం ముప్పై గుంటలకు ఇరవై గుంటలు కలిస్తే రెండు ఎకరాల పది గుంటలు అవుతుంది. అంటే ఆ కూడికలో రైతు భూమి ముప్పాతిక ఎకరం తగ్గిపోయింది. దరఖాస్తులో ఆయన 2.10 అని సరిగానే రాశారు. వ్యవస్థ మాత్రం ఆయన ఎక్కువ చూపించినట్లు గుర్తు పెట్టింది.

మేము ముందుగా సిద్ధం చేసుకున్న పరీక్ష పత్రాల్లో ఇది బయటపడలేదు. వాటిలో చాలా మందికి ఒకే సర్వే నంబరు ఉంది, లేదా గుంటల మొత్తం నలభై దాటలేదు. తేడా ఉన్నట్లు వ్యవస్థ గుర్తుపెట్టిన దరఖాస్తులను ఒక సహోద్యోగి వరుసగా చదువుతూ, అందులో ఎక్కువ భాగం తెలంగాణ పత్రాలే ఎందుకున్నాయని ఆగి ఆలోచించడం వల్ల దొరికింది. దిద్దుబాటు కోసం మేము కొత్త మోడల్ తేలేదు, దేనికీ శిక్షణ ఇవ్వలేదు. పత్రం ఏ రాష్ట్రానిదో తేల్చి, మోడల్ చేత అంకెలను చదివించడం వరకే పరిమితం చేసి, తెలంగాణ పత్రాల్లోని విస్తీర్ణాలను గుంటల్లోకి మార్చి కూడటం మామూలు కోడ్‌కు అప్పగించాము. మీరు ఒక పూటలో రాయగల కోడ్ అది. కష్టమంతా దాన్ని రాయాల్సిన అవసరాన్ని కనిపెట్టడంలో ఉంది.

అదే ప్రాజెక్టులో ఇంకొకటి. సర్వే నంబర్లను బట్టి పాత పత్రాలను వెతికే చోట మొదట ఎంబెడింగులతో పనిచేసే వెక్టర్ సెర్చ్ పెట్టాము. ఎంబెడింగ్ అంటే ఒక పాఠ్యభాగపు అర్థాన్ని అంకెల వరుసగా మార్చిన రూపం. అర్థం దగ్గరగా ఉన్నవాటిని కలపడంలో అది గట్టిది. అయితే 127/అ, 127/ఆ అనే రెండు సబ్‌డివిజన్లు దాని దృష్టిలో ఇంచుమించు ఒకటే, భూమి విషయంలో మాత్రం రెండు వేర్వేరు కుటుంబాల ఆస్తి. కచ్చితమైన గుర్తింపు సంఖ్యలకు బీఎం25 లాంటి పాత పదాధారిత సెర్చ్ కావాలి, రెంటినీ కలిపి వాడాలి. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ మీద ఏళ్లుగా పనిచేసినవారికి ఇది చూడగానే తడుతుంది. మీ ఎనిమిదేళ్ల అనుభవం వృథా పోతుందన్న భయం మీకు అక్కర్లేదు. క్యూలు, రీట్రైలు, టైమవుట్లు, క్యాషింగ్, లాగింగ్, యాక్సెస్ నియంత్రణ, డేటాబేస్ రూపకల్పన, ఇవన్నీ ఈ పనిలో సగానికి పైగా ఉంటాయి. ప్రాంప్ట్, అంటే మోడల్‌కు ఇచ్చే సూచన, రాయడం అందులో చిన్న భాగం.

తెలుగు పత్రాలతో పనిచేసేవారికి మరొక అంశం కూడా తెలిసి ఉండాలి. కంప్యూటర్లు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కు (హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు లాంటి ఒక్కో ముక్కకు) మూడు బైట్లు పడతాయి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో ఆరు కోడ్ పాయింట్లు ఉన్నాయి కనుక అది 18 బైట్లు. ఎక్కువగా ఇంగ్లీషు మీద తయారైన టోకెనైజర్లు (పాఠ్యాన్ని మోడల్ చదివే టోకెన్లు అనే ముక్కలుగా విడగొట్టేవి) ఇలాంటి అక్షరాలను ముక్కలు ముక్కలు చేస్తాయి కాబట్టి, అదే విషయానికి ఇంగ్లీషు కంటే తెలుగులో టోకెన్ల ఖర్చు, జాప్యం పెరుగుతాయి. కంపెనీకి ఖర్చు అంచనా ఇచ్చేటప్పుడు ఇది లెక్కలోకి తీసుకోకపోతే తర్వాత ఇబ్బంది పడాల్సి వస్తుంది.

ఇప్పుడు అసలు మార్పు గురించి చెబుతాను. బ్యాకెండ్ డెవలపర్‌గా మీకు యూనిట్ టెస్టు ఆకుపచ్చగా మారగానే మనసు కుదుటపడుతుంది. ఒకే ఇన్‌పుట్‌కు ఒకే అవుట్‌పుట్ వస్తుందన్నది మీ పనికి పునాది. ఇక్కడ ఆ పునాది ఉండదు. టెంపరేచర్‌ను (జవాబుల్లో యాదృచ్ఛికత ఎంత ఉండాలో చెప్పే అమరికను) సున్నాగా పెట్టినా ఒకే ప్రశ్నకు అప్పుడప్పుడు వేర్వేరు జవాబులు రావచ్చు, ఎందుకంటే సర్వర్ ఎన్ని అభ్యర్థనలను కలిపి నడిపిస్తున్నదన్న దాన్ని బట్టి దశాంశాలను కూడే వరుస మారుతుంది, ఆ సూక్ష్మమైన తేడా కొన్నిసార్లు తర్వాతి పదం ఎంపికనే మార్చేస్తుంది. అందువల్ల పని పూర్తయిందా అన్న ప్రశ్నకు అవును, కాదు అని జవాబు ఉండదు. ఎన్ని సందర్భాల్లో సరిగ్గా ఉంది, తప్పినవి ఎలాంటివి, వాటి వల్ల ఎవరికి ఎంత నష్టం, ఆ నష్టాన్ని మనుషుల పరిశీలనతో ఎక్కడ ఆపాలి అన్నవే ప్రశ్నలు.

ఇక్కడ రెండు చిన్న లెక్కలు ఎప్పుడూ మనసులో ఉంచుకోండి. ఒక్కో అడుగు 95 శాతం సరిగ్గా చేసే ఏజెంట్‌కు, అంటే వరుస అడుగులుగా తనంతట తానే పని చేసే ఏఐ ప్రోగ్రామ్‌కు, పది అడుగుల పని అప్పగిస్తే, తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుంటే, మొత్తం పని సరిగ్గా ముగిసే అవకాశం 60 శాతానికి కొంచెం తక్కువ. డెమోలో అద్భుతంగా కనిపించినవి వాడకంలోకి వచ్చేసరికి కూలిపోవడానికి ఇది ముఖ్యమైన కారణాల్లో ఒకటి. రెండోది, 50 ప్రశ్నల పరీక్షలో 41 సరైనవి వచ్చిన చోట ప్రాంప్ట్ మార్చాక 44 వచ్చాయని సంబరపడవద్దు. అంత చిన్న పరీక్షలో వచ్చిన 82 శాతం అన్న సంఖ్యే అటూ ఇటూ పది పాయింట్ల దాకా ఊగగలదు; ఆ మూడు ప్రశ్నల తేడా యాదృచ్ఛికం కావచ్చు. ఈ రెండు లెక్కలు తెలియని బృందాలు నెలల తరబడి ప్రాంప్టులు మారుస్తూ, బాగుపడుతున్నామనుకుంటూ ఉన్నచోటనే తిరగడం నేను చూశాను.

ఈ స్వభావం ఎవరికి నప్పుతుందో చెప్పడానికి ఇద్దరి సంగతి చెబుతాను. మా బృందంలో ఈ పనిలో అందరికంటే బాగా రాణిస్తున్నవారు ఏళ్ల తరబడి మాన్యువల్ టెస్టింగ్ చేసి వచ్చిన ఒక మహిళ. గుంటల తప్పును కనిపెట్టింది ఆమే. చేరినప్పుడు పైథాన్ అంతంతమాత్రంగా వచ్చు. కానీ ఆమె ఒక్కొక్క విఫలమైన పత్రాన్ని చూసి కారణాల పట్టిక రాసింది: రెవెన్యూ ముద్ర సిరా అంకె మీద పడినవి, చేత్తో కొట్టివేసి దిద్దినవి, పేరూ తండ్రి పేరూ కూడా ఒకటే అయిన ఇద్దరు పట్టాదారులు, ఫోన్‌తో తీసిన ఫొటోలో అంచు తెగిపోయినవి. ఆ తర్వాత మేము ఏం కట్టాలన్నది చాలావరకు ఆ పట్టికే నిర్ణయించింది. ఇంకొకరు చాలా గట్టి బ్యాకెండ్ డెవలపర్, ఎంతో ఉత్సాహంతో వచ్చారు. కొన్ని నెలల్లోనే ఆయనకు నిద్ర పట్టని పరిస్థితి వచ్చింది. తాను అప్పగించిన పని ఎక్కడో ఎవరికో తప్పు చెబుతూనే ఉంటుందన్న ఆలోచన ఆయనను వదల్లేదు. ఆయన తిరిగి ప్లాట్‌ఫామ్ పనికి వెళ్లారు. మోడల్ పిలుపులన్నీ వెళ్లే గేట్‌వేను, అందులోని పరిమితులను, క్యాష్‌ను, ఖర్చు లెక్కలను ఇప్పుడు ఆయనే చూస్తున్నారు. అది ఓటమి ఏమాత్రం కాదు. అలాంటివారు లేకపోతే మా వ్యవస్థ ఒక్క రోజు కూడా నిలబడదు. మీకు కూడా ఆ దారి ఉన్నదని గుర్తుంచుకోండి: ఏఐ వ్యవస్థల కింద ఉండే బ్యాకెండ్‌ను బాగా కట్టగలవారి అవసరం పెరుగుతూనే ఉంది.

లెక్కల విషయం. మీరు ఇంటర్ ఎంపీసీ చదివానని రాశారు. 1ఏలో మాత్రికలు, సదిశల లబ్ధాలు, 1బీలో అవకలనం, 2ఏలో సంభావ్యత, విస్తరణ కొలతలు చదివే ఉంటారు. ఏఐ ఇంజినీరు పనికి రోజువారీ కావలసిన గణితంలో ఎక్కువ భాగం అందులోనే ఉంది. రెండు ఎంబెడింగుల మధ్య దగ్గరితనాన్ని కొలిచే కొసైన్, మీరు చదివిన బిందు లబ్ధం నుంచి వచ్చినదే. ప్రెసిషన్, రీకాల్ అనేవి షరతుతో కూడిన సంభావ్యతలు: వ్యవస్థ తప్పని గుర్తుపెట్టినవాటిలో నిజంగా తప్పులు ఎన్ని, నిజమైన తప్పుల్లో వ్యవస్థ పట్టుకున్నవి ఎన్ని. వీటితో పాటు కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (ఒక కొలత అటూ ఇటూ ఎంత ఊగగలదో చెప్పే హద్దులు) అర్థమైతే చాలా దూరం నడవవచ్చు. గ్రేడియంట్ డిసెంట్ (శిక్షణలో మోడల్ తప్పును కొద్దికొద్దిగా తగ్గించే పద్ధతి) ఎలా పనిచేస్తుందో ఒకసారి కాగితం మీద చేసి చూడండి, రోజూ దానితో అవసరం పడదు. మిగిలినవి మామూలు గుణకారాలు. 700 కోట్ల పరామితులు (మోడల్ నేర్చుకున్న అంకెలు) ఉన్న మోడల్‌ను ఒక్కోదానికి రెండు బైట్ల చొప్పున నింపితే 14 జీబీ మెమరీ కావాలి. 16 జీబీ ఉన్న టీ4 అనే జీపీయూలో (ఏఐ లెక్కలకు వాడే చిప్‌లో) అది ఇరుకుగా పడుతుంది, నాలుగు బిట్లకు కుదిస్తే దాదాపు మూడున్నర జీబీ సరిపోతుంది. ఇలాంటి అంచనా నోటి లెక్కగా వేయగలవారికి సమావేశాల్లో విలువ ఉంటుంది. పరిశోధన వైపో, మోడళ్లకు మొదటి నుంచీ శిక్షణ ఇచ్చే వైపో వెళ్లాలనుకుంటే మాత్రం ఈ గణితం చాలదు.

కోర్సుల విషయం. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల బోర్డుల మీద కాలాన్ని బట్టి మెయిన్‌ఫ్రేమ్, జావా, డాట్‌నెట్, శాప్, టెస్టింగ్, హడూప్, డేటా సైన్స్ అంటూ పేర్లు మారుతూ వచ్చాయి. ఆ సందుల్లో కొద్దిపాటి ఫీజుతో చదువుకుని ఒడ్డున పడిన కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి, ఆ శిక్షణ మీద నాకు గౌరవం ఉంది. ఒక పరికరాన్ని వాడటం నేర్చుకోవడానికి నెలా రెండు నెలల చిన్న కోర్సులో చేరితే తప్పు లేదు. నా అభ్యంతరం లక్షల రూపాయల దీర్ఘకాలిక కోర్సుల మీద. వాటి చివర ఉండే ప్రాజెక్టు తరచుగా శుభ్రం చేసి పెట్టిన డేటా మీద జరుగుతుంది. టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో ఊహించే ప్రాజెక్టు రెజ్యూమేలో కనిపిస్తే అభ్యర్థి గురించి నాకు కొత్తగా ఏమీ తెలియదు, ఎందుకంటే అదే ప్రాజెక్టు పక్కనున్న పది రెజ్యూమేల్లో కూడా ఉంటుంది. ఇంకొక జాగ్రత్త: వాయిదాల్లో కట్టవచ్చని వాళ్లు చెప్పినప్పుడు, ఆ అప్పు కోర్సు సంస్థ పేరు మీద ఉందా, ఫైనాన్స్ కంపెనీ పేరు మీద ఉందా చూసుకోండి. ఫైనాన్స్ కంపెనీతో సంతకం చేసినదైతే కోర్సు మధ్యలో మానినా వాయిదాలు ఆగకపోవచ్చు. ఇంటి అప్పు నడుస్తున్నవారు దాని మీద మరో అప్పు వేసుకోవడం నాకు సమ్మతం కాదు.

అయితే ఏం చేయాలి? మీ కంపెనీలోనే ఒక చిన్న సమస్యను ఎంచుకోండి. కస్టమర్ సపోర్ట్ టికెట్లను సరైన బృందానికి పంపడం కావచ్చు, లోపలి పత్రాల్లో వెతకడం కావచ్చు, ఎర్రర్ లాగులను చదివి కారణం సూచించడం కావచ్చు. మేనేజర్‌కు చెప్పి, సెక్యూరిటీ బృందం అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. వినియోగదారుల పేర్లు, ఫోన్ నంబర్లు బయటి ఏపీఐకి వెళ్లకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తర్వాత ఇది కంపెనీలు ఉపేక్షించగల విషయం కాదు. ఆ తర్వాత, కోడ్ మొదలుపెట్టక ముందే పరీక్షను తయారు చేయండి. నిజమైన ప్రశ్నలు రెండు వందల దాకా తీసుకుని, ఆ పని రోజూ చేసే మనుషుల చేత సరైన జవాబులు రాయించండి. వాళ్లలో వాళ్లకే ఏకాభిప్రాయం కుదరని ప్రశ్నలు కొన్ని తప్పకుండా వస్తాయి, వాటిని విడిగా దాచుకోండి. సరైన జవాబు అంటే ఏమిటో మీ కంపెనీలో ఎక్కడ తేలలేదో అవే చూపిస్తాయి. అప్పుడు అన్నింటికంటే సరళమైన వ్యవస్థను కట్టి, తప్పిన ప్రతి జవాబునూ చదివి కారణం రాయండి.

సాధనాల విషయంలో మీరు ఆందోళన పడాల్సిన పని లేదు. జావా బాగా తెలిసినవారికి పనికి సరిపడా పైథాన్ కొన్ని వారాల్లో వస్తుంది. 2025 మేలో జావా నుంచి భాషా మోడళ్లను వాడుకునే స్ప్రింగ్ ఏఐ 1.0 విడుదలైంది కాబట్టి మొదటి ప్రయోగం జావాలోనే చేసుకోవచ్చు. మీ దగ్గర ఇప్పటికే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంటే, అందులోనే వెక్టర్ సెర్చ్ చేసే పీజీవెక్టర్ ఎక్స్‌టెన్షన్ చాలు, ప్రత్యేక వెక్టర్ డేటాబేస్ కొనిపించవద్దు. ఫైన్ ట్యూనింగ్ (సిద్ధంగా ఉన్న మోడల్‌కు మన డేటాతో అదనపు శిక్షణ) జోలికి వెంటనే వెళ్లవద్దు. 2021లో కొద్దిపాటి అదనపు పరామితులకే శిక్షణ ఇచ్చే లోరా పద్ధతి వచ్చాక దాని ఖర్చు బాగా తగ్గిన మాట నిజమే, కానీ సరైన సమాచారాన్ని వెతికి మోడల్‌కు అందించడం, స్పష్టమైన సూచనలు ఇవ్వడం, కూడికలూ తేదీలూ మామూలు కోడ్‌కు వదిలేయడం, ఇవి చేయకుండా దానికి దిగితే కాలం, డబ్బు రెండూ పోతాయి.

భద్రత గురించి మీలాంటి వెబ్ డెవలపర్‌కు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (ఇన్‌పుట్‌లో డేటాబేస్ ఆదేశాన్ని దాచి పంపే దాడి) మీకు తెలుసు, దానికి ఆదేశాన్నీ డేటానూ విడదీసే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అనే కచ్చితమైన విరుగుడు ఉంది. ప్రాంప్ట్ ఇంజెక్షన్‌కు అంతటి విరుగుడు ఇప్పటికీ లేదు. మోడల్‌కు మనం ఇచ్చే సూచనా, కస్టమర్ పంపిన ఈమెయిల్ లోపలి వాక్యమూ ఒకే పాఠ్యప్రవాహంలో కలిసిపోతాయి, ఆ వాక్యంలో ఎవరైనా ఆదేశం దాచి పెడితే మోడల్ దాన్ని పాటించే ప్రమాదం ఉంటుంది. భాషా మోడళ్ల అప్లికేషన్లకు సాఫ్ట్‌వేర్ భద్రతా సంస్థ ఓవాస్ప్ ప్రకటించిన ప్రమాదాల జాబితాలో మొదటి స్థానం దీనిదే. అందుకే ఏజెంట్‌కు ఏ అధికారాలు ఇవ్వాలన్నది మోడల్ తెలివిని బట్టి కాక, అది మోసపోతే జరిగే నష్టాన్ని బట్టి నిర్ణయించాలి. బాధ్యత కూడా మనదే. 2024 ఫిబ్రవరిలో కెనడాలో ఒక ట్రైబ్యునల్, చాట్‌బాట్ ప్రయాణికుడికి ఛార్జీల గురించి తప్పు చెప్పిన కేసులో, ఆ మాటకు ఎయిర్ కెనడాయే బాధ్యత వహించాలని తీర్పు ఇచ్చింది. చాట్‌బాట్ వేరే, కంపెనీ వేరే అన్న వాదన అక్కడ నిలవలేదు.

కోడ్ రాసే పని పోతుందన్న మీ భయాన్ని నేను తీసిపారేయను. కోడ్ టైపు చేసే భాగం నిజంగానే తగ్గుతోంది, మా బృందంలో కూడా చాలా కోడ్ మోడళ్లే రాస్తున్నాయి. అయితే అది ఏఐ ఇంజినీరు రాసే కోడ్‌కు కూడా వర్తిస్తుంది. కనుక ఆ భయంతో పారిపోయి ఇటు వస్తే మీకు ఆశ్రయం దొరకదు. ఈ రంగంలో సాధనాలు కూడా చాలా త్వరగా పాతబడతాయి. 2023లో అందరూ నేర్చుకున్న ఫ్రేమ్‌వర్క్ పద్ధతుల్లో కొన్నింటిని ఇప్పుడు మా బృందంలో ఎవరూ వాడటం లేదు. పాతబడనిది, ఒక పనిలో సరైన జవాబు ఏదో తెలిసి ఉండటం. మీరు పేమెంట్స్‌లో పనిచేశానని రాశారు. రీఫండ్ ఎప్పుడు ఆగిపోతుంది, సెటిల్‌మెంట్‌లో తేడా ఎక్కడ వస్తుంది, ఒకే లావాదేవీ రెండుసార్లు ఎందుకు పడుతుంది అన్నది తెలిసిన మనిషి ఆ రంగపు ఏఐ వ్యవస్థను పరీక్షించినంత బాగా, గణితంలో ఎంతో దిట్ట అయిన కొత్తవారు పరీక్షించలేరు. మారదలిస్తే పేమెంట్స్ లోపలే మారండి, రంగాన్నీ పనినీ ఒకేసారి మార్చుకోవద్దు.

జీతం సంగతి క్లుప్తంగా చెబుతాను. కంపెనీ లోపల మారితే సాధారణంగా మీ స్థాయి, జీతం నిలుస్తాయి. బయటకు వెళ్లి హోదా పేరు కోసం మారితే, ఏఐలో మీకు అనుభవం లేదన్న కారణం చూపి రెండు మెట్లు కిందకు దింపే ప్రయత్నం చేస్తారు. లోపల ఒక పని నిజంగా వాడకంలోకి తెచ్చి, ఆ తర్వాత బయట ప్రయత్నించడం మేలు. తొంభై రోజుల నోటీసు ఉన్నవారు చేతిలో ఆఫర్ లేకుండా రాజీనామా పెట్టడం ఈ సమయంలో అస్సలు మంచిది కాదు.

చివరిగా, నేను ఇంటర్వ్యూలో ఏం చూస్తానో చెబితే మీకు సన్నద్ధతకు పనికొస్తుంది. మీరు కట్టిన వ్యవస్థ ఏ సందర్భాల్లో తప్పుతుందో చెప్పమని అడుగుతాను. కొందరు మోడల్ పేరు, ఫ్రేమ్‌వర్క్ పేరు, డేటాబేస్ పేరు వరుసగా చెబుతారు. ఇంకొందరు, తమ పరీక్షలో ఎన్ని ప్రశ్నలున్నాయి, అవి ఎక్కడి నుంచి వచ్చాయి, తప్పుల్లో పెద్ద వాటా ఏ రకానిది, దాన్ని తగ్గించడానికి ఏం మార్చారు, ఏది మార్చినా తగ్గని రకం ఏది, ఆ రకాన్ని మనిషి దగ్గరకు ఎలా పంపిస్తున్నారు అని చెబుతారు. వాళ్లకు పైథాన్ తడబడినా, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి సమీకరణాలు గుర్తులేకపోయినా నేను తీసుకుంటాను. అందువల్ల రెజ్యూమేలో సాధనాల పేర్లతో ఒక పెట్టె నింపే బదులు, మీరు చేసిన ఆ ఒక్క పని గురించి నాలుగు వాక్యాలు రాయండి: సమస్య ఏమిటి, సరైనదో కాదో ఎలా కొలిచారు, మొదట ఎంత ఉండేది ఎంతకు వచ్చింది, ఇప్పటికీ ఎక్కడ తప్పుతోంది. ఈ నాలుగో వాక్యాన్ని చాలామంది దాచిపెడతారు. దాన్ని స్పష్టంగా రాసినవారిని నేను ముందుగా పిలుస్తాను.